మడి నిండేదాకా ఒకే స్వరం

మురళి టమాటా పెట్టెలకు తాడు బిగిస్తూ ముక్కుపొడుం భాగవతుల కథ చెప్పుకుంటున్నాడు. వినేవాళ్ళు ఎవరూ లేరు. కొట్టంలో ఆవులు రెండు ఉన్నాయి, అంతే.

"పల్లవి మధ్యలో భాగవతులు ఆగినాడు. డబ్బీ తీసినాడు. చిటికెడు పొడుం లాగినాడు. తాళం పోయిందిరా అనుకున్నారు జనం. మృదంగం ఆయనకు చెమటలు. అప్పుడు భాగవతులు తుమ్మినాడు. ఆ తుమ్ము సరిగ్గా సమం మీద, తాళం తొలి దెబ్బ మీద పడింది."

ఇక్కడ కొంచెం ఆగాలి, జనం నవ్వుతారు. మురళి ఆగాడు. ఆవు తోక విసిరింది.

వంటింట్లో ఉషా సంగటి కెలుకుతోంది. ఆ కథ ఆమెకు కంఠస్థం. నవ్వు రాలేదు. తెడ్డు గట్టిగా తిప్పింది.

మురళి తండ్రి లక్ష్మణప్ప పోయి వచ్చే ఆదివారానికి ఏడాది. అరవదేశంలో మొరప్పూర్ పక్క పల్లెలో సేద్యం చేసుకుంటూనే ఆయన పాటగాడయ్యాడు. కుర్రతనంలో తిరునాళ్ళకు పోయి లౌడుస్పీకరు కింద కూర్చుని పెద్ద విద్వాంసుల కచేరీలు విన్నాడు. ఒక్కొక్కరి గొంతూ పట్టేశాడు. ముక్కుపొడుం భాగవతులు స్వరాలను ముక్కులోంచి వడగళ్ళలా రాల్చేవాడు. ఆలంగాడు అమ్మాళ్ ఒడిలోంచి చేతులు కదపకుండా, దారం తీసినట్టు సన్నగా సాగదీసేది. రైలు శామయ్యర్ ఒకసారి రైలు కూత ఏ స్వరం మీద ఆగిందో ఆ స్వరం నుంచే కాంభోజి రాగం ఎత్తుకున్నాడట, అందుకే ఆ పేరు. వాళ్ళెవరూ ఇప్పుడు లేరు. లక్ష్మణప్ప నోట మాత్రం ఉండేవారు. ముందు మురళి ఆ విద్వాంసుడి కథ చెప్పేవాడు, తర్వాత తండ్రి ఆ గొంతుతో పాడేవాడు. మురళి నిక్కర్లు వేసుకునే రోజుల నుంచి అదే వరుస. ఉషా మురళికి మేనమామ కూతురు. పెళ్ళై వచ్చాక మామ దగ్గరే పాట నేర్చుకుని, శ్రుతిపెట్టె ముందు పెట్టుకుని ఆయన వెనక కూర్చునేది.

హరూర్ ధర్మరాజ్ బండి దిగి నేరుగా కొట్టం దగ్గరికే వచ్చాడు. హరూర్ గుడి కమిటీలో పెద్ద ఆయనే. సంచిలోంచి ఆదివారం కచేరీ నోటీసు తీశాడు. పైన లక్ష్మణప్ప ఫోటో, కింద కొంచెం చిన్నదిగా ఉషాది.

"మామ గొంతులన్నీ కోడలి గొంతులో అని వేయించినాము. బాగుండాదా?"

"బాగుండాదన్నా," అన్నాడు మురళి. నోటీసును పెట్టెల మీద పరిచి చేత్తో సాపు చేశాడు.

ఉషా మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ధర్మరాజ్ సగం తాగి, "ఒక చిన్న ముక్క అనమ్మా. ఆలంగాడు అమ్మాళ్‌ది. కమిటీవాళ్ళకు చెప్పుకుంటాను" అన్నాడు.

"నేను ఆ గొంతులు పాడను ధర్మరాజన్నా."

"ఏం, జలుబు చేసిందా?"

"లేదు. మామ పాట పాడతాను."

"మామ పాట అంటే అవే గదమ్మా."

"అవి వాళ్ళ పాటలు. మామది వేరే ఉండాది."

ధర్మరాజ్ మురళి వైపు చూశాడు. మురళి తాడు వైపు చూస్తున్నాడు. మిగిలిన మజ్జిగ తాగేసి, "మీరు మీరు మాట్లాడుకోండప్పా. నోటీసులు మాత్రం అచ్చయిపోయినాయి" అని ధర్మరాజ్ బండెక్కాడు.

బండి చప్పుడు దూరమయ్యాక మురళి తాడు కింద పడేశాడు.

"పరువు తీసినావు."

"నాలుగు నెలలుగా చెప్తానే ఉండాను బావా. నువ్వు వినలేదు."

"వినేదానికి ఏముండాది? జనం దేనికొస్తారు? మా నాయనకు పేరు ఆ గొంతులతోనే వచ్చింది. మొరప్పూర్‌లో ఒక ముసలాయన నాయన కాళ్ళ మీద పడి, ఆలంగాడు అమ్మాళ్‌ను మళ్ళీ విన్నాను సామీ అని ఏడ్చినాడు. నువ్వూ ఉన్నావు గదా ఆడ. ఒక మనిషికి ఇంకేం కావాల?"

"ఆ ముసలాయనకు మామ పేరు తెలుసునా?"

మురళి పెట్టె ఒకటి ఎత్తి, మళ్ళీ దించాడు.

"నువ్వనేది ఏదో నాకు తెలుసులే. నీళ్ళు కట్టేటప్పుడు తీసే కూనిరాగం. అది పాటనా? ఎద్దుల కోసం తీసేది."

"ఎద్దుల కోసం కాదు."

ఉషాకు ఆ పాట పొలంలోనే వచ్చింది. కొత్తలో మామ ఆమెను చాప మీద కూర్చోబెట్టి నేర్పలేదు. పార భుజాన వేసుకుని ముందు నడిచేవాడు, ఆమె వెనక నడవాలి. మడికి నీళ్ళు మళ్ళించి ఒక స్వరం పట్టేవాడు. మడి నిండేదాకా అదే స్వరం. దాని మీద వంకరలు లేవు, విరుపులు లేవు. నీళ్ళు ఏ మూల నుంచి ఏ మూలకు పాకుతున్నాయో చూస్తూ, స్వరాన్ని కూడా అట్లానే పాకనిచ్చేవాడు. ఎండిన మట్టి తాగేటప్పుడు సన్నం చేసేవాడు. మడి నిండితే నోరు మూసి, పారతో గట్టు తెగ్గొట్టి, ఇంకో మడికి మళ్ళించి, అప్పుడు పై స్వరం. ఆనందభైరవి రాగం అట్లా ఒక తోట పొడుగున సాగేది. ఇంత నిదానంగా పాడే విద్వాంసుడు ఉషాకు ఇంకెవరూ తెలియదు. డ్రిప్పు పైపులు వేశాక మడులు పోయాయి. ఆ తర్వాత ఆయన గట్టు మీద కూర్చుని పైపుల వైపు చూసేవాడు. పాడేవాడు కాదు.

"ఆ పాటను నేనూ అత్తా తప్ప ఎవురూ సరిగ్గా వినలేదు," అంది ఉషా. "నేను పాడకపోతే అది మామతోనే పోతుంది. వాళ్ళ పాటలకు రికార్డులుండాయి. దీనికేముండాది?"

"అయితే నేనేం చేయాల?"

"ఏడ?"

"వేదిక మీద." మురళి గొంతు తగ్గింది. "నువ్వు ఆ గొంతులు పాడకపోతే నేను చెప్పే కథలకు పనేముండాది? భాగవతుల కథ చెప్పి, ఇప్పుడు నా పెండ్లాం ఇంకేదో పాడుతుంది అనాలనా? నాయన పక్కన నాకుండే చోటు అదొక్కటే. దాన్నే తీసేయమంటాండావు."

ఉషా అది ఊహించలేదు. తలుపు పట్టుకుని నిలబడింది. అయినా మాట మార్చలేదు.

"నీ చోటు నీదే బావా. నేను మాత్రం ఆ గొంతులు పాడను."

మురళి సంగటి తినకుండానే మార్కెట్టుకు పోయాడు.

అంతా విన్న సరసమ్మ అరుగు మీద చిక్కుడుకాయలు వలుస్తోంది. చాటలోంచి తల ఎత్తలేదు.

"నువ్వైనా చెప్పు అత్తా," అంది ఉషా.

"ఏం చెప్పమంటావే? జనం మధ్యలో లేచిపోతే? సచ్చిన మనిషి పేరది."

"లేస్తే లేస్తారు."

"మా అన్న కూతురువే నువ్వు," అంది సరసమ్మ. మెచ్చుకుందో తిట్టిందో తెలియలేదు. "మొండిముండ."

ఆ వారమంతా ఉప్పు కావాలంటే మురళి గిన్నె కేసి చూసేవాడు. ఉషా అందించేది. తెల్లవారగానే ఆమె తోటలోకి పోయేది. పైపుల మధ్య మడి ఉన్నట్టే నిలబడి స్వరం పట్టేది, అది నిండిందని తోచినప్పుడు ముందుకు నడిచేది. పక్క చేలో కలుపు తీసే ఆడవాళ్ళు మొదటిరోజు నవ్వారు. తర్వాత నవ్వలేదు. మురళి ఆ వైపు పోవడం మానేశాడు.

శనివారం పొద్దున అతను వేపపుల్ల నములుతూ మళ్ళీ భాగవతుల కథ మొదలుపెట్టాడు. తుమ్ము దగ్గరికి వచ్చి ఆగిపోయాడు. సరసమ్మ కళ్ళాపి చల్లుతోంది.

"ఏం రా, ఆపేసినావు?"

"ఎవురికి చెప్పాల?"

సరసమ్మ చెంబు కింద పెట్టింది. "మొరప్పూర్ ముసలాయన సంగతి చెప్తావే, అది చెప్పు."

"నీకు తెలీదా అది?"

"నాకు తెలుసు. నీకే సగం తెలుసు. ముసలాయన కాళ్ళ మీద పడి ఏడ్చినాడు. అంతవరకూ చెప్తావు. జనం చేతులు తడతారు. ఆ పొద్దు బస్సులో నువ్వు ముందర డ్రైవరు పక్కన కూర్చోనుంటివి. మేమిద్దరం వెనక. మీ నాయన ఒళ్ళో మాల పెట్టుకుని పూలు ఒక్కొక్కటే తుంచుతా వచ్చినాడు. ఏమైంది అని అడిగినాను. అంతసేపు పాడితిని సరసా, నన్ను ఎవురూ వినలేదే అన్నాడు."

మురళి పుల్ల ఉమ్మేశాడు.

"ఏడ్చినాడా?"

"లేదు. పూలు తుంచినాడు."

"నాకేంటికి చెప్పలేదు?"

"నువ్వు ఆ కథను ఎంత సంతోషంగా చెప్తావంటే, ఆయనే వద్దన్నాడు. బిడ్డ ముఖం చూడు, నా పక్కన ఉండేదే వాడికి పండగ అన్నాడు. అందుకే ఆ గొంతులు పాడతా వచ్చినాడు, కడదాకా."

మురళి అరుగు మీద కూర్చున్నాడు. ఎండ కాళ్ళ మీదికి వచ్చేదాకా లేవలేదు.

ఆదివారం హరూర్ మండపం నిండింది. జనం అందరూ లక్ష్మణప్ప గొంతుల కోసం వచ్చినవాళ్ళే. ధర్మరాజ్ ఒక చోట నిలవకుండా తిరుగుతున్నాడు. వేదిక మీద ఉషా శ్రుతిపెట్టె ముందు కూర్చుంది. మృదంగం వాయించే పళని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు, తాళం వచ్చేదాకా ఆయనకు పనిలేదు. మురళి ఎప్పుడూ కూర్చునే చోటే కూర్చున్నాడు, మైకు ఒళ్ళో పెట్టుకుని. కథ చెబుతాడో లేదో ఉషాకు తెలియదు.

ఆమె కథ కోసం చూడలేదు. ఆనందభైరవిలో కింది స్వరం పట్టుకుంది. పట్టుకుని, వదల్లేదు.

కాసేపు మండపం విన్నది. తర్వాత కుర్చీలు కదిలాయి. ఫోన్లు పైకెత్తినవాళ్ళు దించేశారు. వెనక నుంచి ఒక గొంతు, "ముక్కుపొడుం ఎప్పుడమ్మా?" అంది. నవ్వులు లేచాయి. కొందరు లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

ఉషా కళ్ళు తెరిచింది. వాళ్ళను చూసింది. స్వరాన్ని తొందర పెట్టలేదు. అది నిండాక నోరు మూసింది.

ఆ నిశ్శబ్దంలో మురళి మైకు ఎత్తాడు. వేదిక మీద కథలు ఎప్పుడూ అరవంలోనే చెప్పేవాడు. ఈసారి నోటికి ఇంటి మాట, తెలుగు వచ్చింది.

"మొరప్పూర్ పక్కన లక్ష్మణప్ప అని ఒక విద్వాంసుడు ఉండినాడు," అన్నాడు. "ఆయనకు గురువు లేడు. కాలవే గురువు. మడికి నీళ్ళు మళ్ళించి ఒక స్వరం పట్టేవాడు. మడి నిండేదాకా ఇంకో స్వరానికి పోయేవాడు కాదు. మీరు ఆయన్ను శానా సార్లు పిలిపించినారు. ఇదే మండపంలో పాడించుకున్నారు. ఆ పాట మాత్రం మీరెవురూ అడగలేదు. నేనూ అడగలేదు. పక్కనే ఉండి, అందురి కథలూ చెప్పి, ఆయన కథ..."

అక్కడ ఆగిపోయాడు. నవ్వుకోసం ఆగడం అతనికి అలవాటు. ఇట్లా ఆగడం అలవాటు లేదు. శ్రుతి ఒక్కటే మోగుతోంది. ఉషా ఎత్తుకోలేదు. కథ పూర్తికానిదే ఎత్తుకోకూడదని అతని వైపే చూస్తూ ఉండిపోయింది.

ముందు వరసలోంచి సరసమ్మ, ఇంట్లో అడిగినట్టే అడిగింది.

"చెప్పరా. మడి నిండినాక ఏం చేసేవాడు?"

"గట్టు తెగ్గొట్టేవాడు," అన్నాడు మురళి. "ఇంకో మడికి మళ్ళించేవాడు. మా నాయన..."

ఇంక చెప్పలేకపోయాడు. ఉషాకు అది చాలింది. పై స్వరం ఎత్తుకుంది.

చెప్పులు వేసుకున్నవాళ్ళలో కొందరు వెళ్ళిపోయారు. కొందరు చెప్పుల మీదే నిలబడి వింటున్నారు. పళని తల వంచుకున్నాడు. ఉషా మడి తర్వాత మడిగా ముందుకు పోతోంది, ఎవరి కోసమూ ఆగకుండా, ఎవరి కోసమూ వేగం పెంచకుండా.

మైకు పట్టిన చేత్తో కళ్ళు తుడుచుకుంటే మండపమంతా గరగరమంటుందని మురళికి తెలుసు. అందుకని తుడుచుకోలేదు.