టన్ను పైచిలుకు దెయ్యం

పంపింగ్ స్టేషన్ అడుగున, మెట్లు దిగి వెళితే, ఒక వాల్వు గది ఉంది. దానికి ఒకటే ఇనుప తలుపు. రాత్రిపూట ఆ తలుపు లోపలికి పోనిస్తుంది కానీ బయటికి రానివ్వదని పేరు. అవతల నుంచి ఎవరో ఆనుకుని నిలబడతారట... ఎవరో అంటే, మనిషి కాదట.

నేను చూశానా అంటే, లేదు. నాకంత ధైర్యమే ఉంటే కథలెందుకు రాస్తాను? ఒక రాత్రి అందులో ఇరుక్కున్న ఇద్దరూ చెప్పగా విన్నాను. ఒకరు మా నాన్న, ఇంకొకరు అక్కడ ఇంజనీరుగా పనిచేసే మా బావ — అక్క మొగుడు.

మామా అల్లుళ్ళకి పడదు. "మా అల్లుడుగారు కుళాయిలు తిప్పుతారు" అని ఊరంతా చెప్పుకునే మనిషి మా నాన్న. ఆ రాత్రి వాల్వు కట్టేయడానికి బావ బయల్దేరితే, "ఆ దెయ్యాన్నేదో నేనూ చూస్తా" అంటూ వెంటపడ్డారు.

వాల్వు కట్టారు. వెనక్కొచ్చి తలుపు తోశారు. రాలేదు. ఇద్దరూ భుజాలు పెట్టి తోశారు... ఊహూఁ!

"ఎవరది?" అని నాన్న గొణిగారు.

అవతల నుంచి జవాబు — బుడ... బుడ...

నాన్నకి అసలే ఉబ్బసం. పీల్చే మందు పైన ఆఫీసులో ఉండిపోయింది. ఆ ఉక్కలో ఆయాసం మొదలైంది. కింద ఫోను పలకదు. తెల్లారేదాకా ఎవరూ రారు.

బావ టార్చి వేశాడు. తలుపు సందుల్లోంచి గడ్డం ఎత్తు దాకా నీళ్ళు చిమ్ముతున్నాయి. ఆ పైన పొడి.

"మామయ్యగారూ, ఊటనీళ్ళు తోడే మోటారు ఆగిపోయింది. మెట్ల గుంత నిండింది. ఒకటిన్నర మీటర్ల లోతు... పైన ఒత్తిడి సున్నా, అడుగున ఎక్కువ, సగటు తీస్తే... తలుపు మీద టన్ను పైచిలుకు!"

"టన్ను దెయ్యమా!"

"నీళ్ళండీ! ఇటు కూడా నీళ్ళుంటే రెండు బలాలూ సరిపోతాయి. తలుపు వచ్చేస్తుంది." అంటూ మెట్ల గుంతలోంచి ఇటు నీళ్ళు వదిలే, గోడలో ఉన్న చిన్న వాల్వు మీద చెయ్యి వేశాడు.

అల్లుడు నీళ్ళు లోపలికి వదలబోతున్నాడని నాన్నకి అప్పుడు వెలిగింది.

"ఎన్నాళ్ళ నుంచి ఉంది బాబూ... ఈ ఆలోచన?"

"నడుము దాకా వస్తాయంతే."

"మీ లెక్కలు నాకు తెలీవా? పెళ్ళికి వందమంది వస్తామని మూడొందలమంది దిగారు! ఆ లెక్కన..."

మాట పూర్తికాలేదు. ఊపిరి అందలేదు. గోడకి జారబడి, కళ్ళు మూసుకుని, తలూపారు. అల్లుడి మాటకి ఆయన తలూపడం అదే మొదలు.

వాల్వు తిరిగింది. పాదాలు... మోకాళ్ళు... నడుము — ఆగలేదు.

"ఊట ఇంకా వస్తోందండీ," అన్నాడు బావ.

ఛాతీ... టార్చి చెయ్యి జారి, మునిగి, ఆరిపోయింది. చిమ్మచీకటి. నాన్న చేతికి దొరికింది దొరికినట్టు పట్టుకున్నారు.

అప్పుడు — నీళ్ళ చప్పుడు ఆగింది. కిర్ర్ర్... మని తలుపు తెరుచుకుంది.

ఎలా పైకొచ్చారో ఇద్దరికీ గుర్తులేదు. బావ పరుగున మందు తెచ్చిచ్చాడు. నాన్న తనివితీరా పీల్చి, పైమెట్టు మీద కూలబడ్డారు.

"లెక్క కుదిరింది బాబూ. తలుపు భలే తోశారు."

"నేనా? మీరే తోశారనుకున్నానే!"

"నేనెక్కడ తోశాను? నా రెండు చేతులతో మిమ్మల్నే పట్టుకుని ఉన్నాగా..."

"అవునండీ... నా రెండు చేతులూ పట్టుకునే ఉన్నారు."

ఇద్దరూ మెల్లగా కిందికి చూశారు.

నాన్న చప్పుడు చెయ్యకుండా బావ చేతులు మళ్ళీ పట్టుకున్నారు — రెండూ.