పన్నెండు చుట్ల వాల్వు

డిటెక్టివ్ గది తలుపు తట్టేలోపు ఆ తల్లి సగం దారిలోంచి రెండుసార్లు ఇంటికి వెనక్కి వెళ్లొచ్చింది. వంటింటి కుళాయి కట్టేశానో లేదోనని భయం. నిజానికి మూడు రోజులుగా ఆ కుళాయిలో చుక్క నీరు లేదు. అయినా చూసుకోకపోతే ఆమెకు కాళ్లు ముందుకు సాగవు.

"బాబూ, మా అమ్మాయి నీళ్ల ఆఫీసులో వాల్వులు తిప్పుతుంది," అంది కుర్చీ అంచున కూర్చుని. "సోమవారం మెయిన్ పైపు పగిలి రెండు వీధులు మునిగాయి. తప్పంతా దానిదేనట. రేపు ఉద్యోగంలోంచి తీసేస్తారట. ఆ తర్వాత జైల్లో పెడతారేమో! జైల్లో దోమలుంటాయి, దానికి దోమలు పడవు."

"జైలు దాకా ఎందుకమ్మా, ముందు వాల్వు దాకా వెళదాం," అన్నాడు డిటెక్టివ్. మూల బల్ల దగ్గరున్న అసిస్టెంటు, ఆయన కంటే పదేళ్లు పెద్దవాడు, ఆ మాటను కూడా ముచ్చటపడి రాసుకున్నాడు.

సంగతి ఇదీ. ఆ పైపు డెబ్బై ఏళ్లనాటిది. ఒత్తిడికి తట్టుకోలేదని దాని వాల్వును ఎప్పుడూ సగమే తెరిచి ఉంచుతారు. సోమవారం కింది వీధిలో లీకు బాగుచేయడానికి నీళ్లు కట్టేయమన్నారు. అమ్మాయి రాడ్డు పెట్టి పన్నెండు చుట్లు తిప్పింది. వాల్వు బిగుసుకుని ఆగింది. 'మూశాను' అని రిజిస్టరులో రాసింది. పావుగంటలో పైపు పగిలింది. చూస్తే వాల్వు బార్లా తెరిచి ఉంది.

"ఎటు తిప్పింది?"

"ఎడమకు. పాత వాల్వులు ఎడమకు తిప్పితే మూసుకుంటాయట, కొత్తవి కుడికట. గుర్తు కోసం పాతవాటి గుంత మీది మూతకి ఎర్ర రంగు, కొత్తవాటికి నల్ల రంగు వేస్తారు. మూత ఎర్రగానే ఉందని పిల్ల ఒట్టేసి చెబుతోంది. మర్నాడు అందరూ చూస్తే నల్లగా ఉంది బాబూ! కళ్లకేం జబ్బొచ్చిందోనని డాక్టరుకు చూపించాను."

"ఏమన్నాడు?"

"కళ్లు బంగారంలా ఉన్నాయన్నాడు. అదింకా భయం."

డిటెక్టివ్ చూపు ఆమె ఒళ్లోని గుడ్డ సంచి మీద ఆగింది. అడుగున అరచెయ్యంత నల్లమరక.

"ఇదెప్పటిది?"

"మంగళవారం పొద్దుటిది. ఆ వాల్వు దగ్గరికెళ్లి కాసేపు ఏడ్చి వచ్చాలే. చుట్టూ బురద, ఆ మూతొక్కటే శుభ్రంగా కనిపిస్తే దాని మీద సంచి పెట్టా. ఏం పాడు మురికో, రెండు బకెట్ల ట్యాంకరు నీళ్లు దండగ చేసినా వదల్లేదు."

"మంచిదైంది. ఇక ఉతక్కండి," అని ఆయన సంచి తీసుకున్నాడు.

మర్నాడు ఉదయం అందరినీ వాల్వు దగ్గరికి రప్పించాడు. సంతకం పెట్టాల్సిన తొలగింపు కాగితంతో ఇంజనీరు వచ్చాడు. ముప్పై ఏళ్ల సర్వీసున్న మేస్త్రీ వచ్చాడు. అమ్మాయి తల వంచుకుని నిలబడింది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది.

"మేస్త్రీగారూ, ఈ వాల్వు ఎప్పుడు మార్చారు?"

"ఆర్నెల్లయింది సార్. పాతది తుప్పు పట్టింది. కొత్తది వేయించిందీ, సగం తెరిచిపెట్టిందీ నేనే. మళ్లీ సోమవారం దాకా ఎవరూ ముట్టుకోలేదు."

"నల్ల రంగు?"

"అదే రోజు వేశా."

"మళ్లీ ఎప్పుడైనా వేశారా?"

"ఎందుకేస్తాం, పనిలేకనా?"

డిటెక్టివ్ సంచి ఎత్తి చూపాడు. "మరి ఆర్నెల్ల నాటి రంగు మొన్న మంగళవారం ఈ సంచికెలా అంటింది?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు మేస్త్రీ చేతులు వెనక్కి దాచుకున్నాడు. "రోడ్డు మురికి సార్ అది!"

డిటెక్టివ్ సైగ చేశాడు. అసిస్టెంటు వంగి చాకుతో మూతని గీకాడు. నల్ల పెచ్చు లేచింది. దాని కింద ఎండిన బురద. బురద కింద ఎరుపు.

"ఈ బురద సోమవారం నీళ్లు తెచ్చింది," అన్నాడు డిటెక్టివ్. "నలుపు దాని పైన ఉంది. అంటే పైపు పగిలినప్పుడు మూత ఎర్రగానే ఉంది, నలుపు తర్వాత వేసిందే. వాల్వు మార్చారు, మూత రంగు మార్చడం మరిచారు. అమ్మాయి మూతని నమ్మి ఎడమకు తిప్పింది. సగంలో ఉన్న వాల్వు మూయడానికీ పన్నెండు చుట్లే, పూర్తిగా తెరవడానికీ పన్నెండు చుట్లే. లెక్క సరిపోయింది కాబట్టి ఆమెకు అనుమానం రాలేదు."

"ఆహా!" అన్నాడు అసిస్టెంటు.

మేస్త్రీ అక్కడే కూలబడ్డాడు. "ఆ రోజు ఇంకో మూడు చోట్ల లీకులు సార్, మరిచిపోయా. పైపు పగిలాక ఎర్ర మూత చూసేసరికి నా తప్పు తెలిసింది. మర్నాడు తెల్లారగానే బురద మీదే రంగు పూసేశా. చిన్నపిల్ల, ఇంకో ఉద్యోగం దొరక్కపోతుందా అనుకున్నా."

"ఏం అన్నా! ఊరందరికీ నీళ్లిచ్చిన చేత్తో నా పిల్ల నోట్లో మట్టి కొడతావా?" అంది తల్లి. తన గొంతు అంత పైకి లేస్తుందని ఆమెకే తెలియదు.

ఇంజనీరు కాగితాన్ని నిలువునా చింపాడు. "రేపటినుంచి మూతల్ని నమ్మొద్దు. పాత లైనులో ప్రతి వాల్వూ తిప్పి చూడండి. ఆ పని నువ్వే చూసుకో అమ్మాయ్. మేస్త్రీ, నువ్వు నాతో ఆఫీసుకు రా."

సాయంత్రం కుళాయి బుస్సుమని, కాసేపు తుప్పునీళ్లు కక్కి, తెల్లటి ధార వదిలింది. ఇంట్లో బిందెలన్నీ నిండాక అమ్మాయి కుళాయి కట్టేసింది. డిటెక్టివ్‌కి కృతజ్ఞత చెప్పుకోవడానికి తల్లీకూతుళ్లు బయల్దేరారు. సగం దారిలో తల్లి ఠక్కున ఆగింది.

"కుళాయేనా?" అంది అమ్మాయి, విసుక్కుంటూనే వెనక్కి తిరిగి.

"కాదే, చెప్పులో రాయి పడింది," అంది తల్లి. రాయి దులిపి ముందుకు నడిచింది. "కుళాయి నువ్వు కట్టావుగా."