సగంలో ఆగిన చొక్కా కథ

ఠప్!

గడుగ్గాయి రెండు అరచేతులూ గట్టిగా కలిశాయి. తరగతి మొత్తం ఉలిక్కిపడి ఆమె వైపు తిరిగింది.

"టీచర్, పుట్ ఆఫ్ కాదు, పుట్ అవుట్! మంట ఆర్పడమంటే పుట్ అవుట్!"

నిలబడి మాట్లాడుతున్న పక్క బెంచీ పిల్ల తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది. జుట్టంతా ఉంగరాలు తిరిగి ఉంటుందని ఆ పిల్లను అందరూ ఉంగరాలు అంటారు. మంట ఆర్పడానికి వచ్చిన ఫైరింజన్ గురించి ఇంగ్లీషులో ఏదో చెప్పబోయింది పాపం. ఆ ఫైరింజన్ ఎక్కడికి వచ్చిందో, అక్కడేమైందో ఇక ఎవరికీ తెలియలేదు. ఉంగరాలు కూర్చుండిపోయింది.

"కరెక్ట్," అని టీచర్ బోర్డు మీద గడుగ్గాయి జట్టుకు ఒక పాయింట్ వేశారు.

ఇది ఆ తరగతిలో కొత్తగా మొదలైన చప్పట్ల ఆట. టీచర్ ఒక చిన్న ఇంగ్లీషు క్రియ ఇస్తారు. దాని పక్కన ఏ బుల్లి మాట చేరితే ఏ అర్థం వస్తుందో పిల్లలు వాక్యంలో పెట్టి చెప్పాలి. పుట్ పక్కన ఆన్ చేరితే బట్టలు వేసుకోవడం. ఆఫ్ చేరితే వాయిదా వేయడం. అవుట్ చేరితే మంట ఆర్పడం. క్రియ అదే, పక్కనున్న చుట్టం మారగానే దాని వేషమే మారిపోతుంది. ఎవరైనా తప్పు చుట్టాన్ని పిలిస్తే, ముందుగా చేతులు చరిచినవాళ్ళదే పాయింట్.

ఈ ఆటలో గడుగ్గాయిని కొట్టేవాళ్ళు లేరు. ఆమె చెవులు తప్పు కోసమే కాచుకుని ఉంటాయి.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అమ్మ డ్యూటీకి తయారవుతోంది. అమ్మ ఒక పెద్ద హోటల్ లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. సాయంత్రం వెళితే గడుగ్గాయి నిద్రపోయాకే తిరిగి వస్తుంది. రాత్రి భోజనాల దగ్గర నాన్న, తను, అమ్మ కోసం మూతపెట్టిన గిన్నె, అంతే.

"చిన్నీ, ఒక సాయం చేస్తావా?" అంది అమ్మ జడ వేసుకుంటూ. "లాండ్రీ కౌంటర్‌లో మనిషి కావాలట. పగటి డ్యూటీ. గెస్టులతో ఇంగ్లీషులో మాట్లాడాలి. ఎల్లుండి మేనేజర్ గారు నన్ను పిలిచి మాట్లాడిస్తారు."

"పగటి డ్యూటీనా? అంటే రాత్రిళ్ళు ఇంట్లోనే ఉంటావా?"

"పని దొరికితే ఉంటాను. ఇదివరకెప్పుడైనా ఒక గెస్టుకు సాయపడ్డావా అని అడుగుతారట. నాకొక చొక్కా కథ ఉంది. ఇంగ్లీషులో చెప్పి చూస్తాను, నువ్వు విను."

గడుగ్గాయి ఎగిరి గంతేసింది. అమ్మను తనే గెలిపించాలి! మంచం మీద బాసిపట్టు వేసుకుని, రెండు చేతులూ ముందుకు చాపి కూర్చుంది.

"వన్ డే, వన్ గెస్ట్ కమ్," మొదలుపెట్టింది అమ్మ.

ఠప్! "కేమ్!"

"కేమ్... వెరీ హర్రీ. హిజ్ షర్ట్, కాఫీ. హి సే, ఐ పిక్ అవుట్ షర్ట్ ఆఫ్టర్..."

ఠప్! "పిక్ అప్ అమ్మా! మళ్ళీ వచ్చి తీసుకెళ్ళడమంటే పిక్ అప్. పిక్ అవుట్ అంటే ఏరుకోవడం. అతనేమైనా కూరగాయలు ఏరుకుంటున్నాడా?"

అమ్మ నవ్వింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ఠప్. రెండు మాటలకొక ఠప్. అమ్మ గొంతు చిన్నదైపోయింది. ఒక మాట అనడం, గడుగ్గాయి చేతుల వైపు చూడటం, ఆగిపోవడం. చొక్కా ఇంకా ఉతకనే లేదు.

"చాల్లే తల్లీ," అంది అమ్మ చివరికి. బ్యాగు భుజానికి తగిలించుకుంది. "ఇది నా వల్ల అయ్యే పని కాదు. రేపు మేనేజర్ గారికి వద్దని చెప్పేస్తాను."

"అదేంటమ్మా! తప్పులు చెబితేనే కదా నేర్చుకునేది?"

అమ్మ ఆమె తల నిమిరి వెళ్ళిపోయింది. కోప్పడినా బాగుండేది అనిపించింది గడుగ్గాయికి. ఆ రాత్రి నాన్న ఏమడిగినా ముక్తసరిగా జవాబిచ్చింది.

మర్నాడు టీచర్ బోర్డు మీద లుక్ అని రాశారు. "దీని పక్కన ఎవరెవరు చేరతారు? చెప్పండి చూద్దాం."

ఎవరూ నోరు మెదపలేదు.

"ఏమర్రా, నోళ్ళకు తాళాలు వేసుకొచ్చారా? ఆట మొదలైన రోజు ఒకరి మీద ఒకరు పడి మరీ చెప్పారు కదా!"

గడుగ్గాయి చుట్టూ చూసింది. నిజమే. మొదటి రోజు అందరి చేతులూ లేచాయి. ఈ రోజు ఒక్క చెయ్యీ లేవలేదు. అప్పుడే పక్క బెంచీలో ఉంగరాలు చెయ్యి కొంచెం లేచింది. ఆ పిల్ల చూపు టీచర్ మీద లేదు. గడుగ్గాయి అరచేతుల మీద ఉంది. ఒక్క క్షణం చూసి, లేచిన చేతిని దించేసుకుంది.

నిన్న అమ్మ కూడా అచ్చం అలాగే చూసింది.

గడుగ్గాయి తన చేతులను తనే చూసుకుంది. చరచడానికి సిద్ధంగా, ఎదురెదురుగా ఉన్నాయి. వాటిని మెల్లగా ఒళ్ళోకి దించుకుంది. ఎంత సిగ్గేసిందంటే, టీచర్ పేరు పెట్టి పిలిచినా తల ఎత్తలేకపోయింది.

సాయంత్రం ఇంటికి పరిగెత్తుకొచ్చింది. "అమ్మా, మేనేజర్ గారికి చెప్పేశావా?"

"ఇంకా లేదు. ఇప్పుడెళ్ళి చెప్పాలి."

"ఆగమ్మా. ఆ చొక్కా ఏమైంది?"

"ఏ చొక్కా?"

"కాఫీ పడిన చొక్కా. నేను నిన్న విననే లేదు. ఇంగ్లీషులోనే చెప్పు."

అమ్మ అనుమానంగా చూసింది. గడుగ్గాయి కుర్చీలో కూర్చుని, రెండు చేతులనూ తొడల కింద పెట్టి నొక్కేసుకుంది. అది చూసి అమ్మ పెదవుల మీదికి నవ్వు వచ్చింది.

అమ్మ మొదలుపెట్టింది. కమ్ అనే అంది. పిక్ అవుట్ అనే అంది. గడుగ్గాయి చేతులు తొడల కింద ఒకటే దురద పెట్టాయి. అయినా కదల్లేదు. చొక్కా ఉతికారు. ఆవిరి ఇస్త్రీ కింద పెట్టగానే దాని బొత్తాం పగిలిపోయింది. గెస్టు వచ్చే వేళయింది, అలాంటి బొత్తాం ఎక్కడా లేదు.

"సో, మై కోట్, వన్ బటన్, ఐ కట్. ఇన్ హిజ్ షర్ట్ ఐ స్టిచ్. హి పుట్ అవుట్ షర్ట్..." అమ్మ తనే ఆగింది. "అయ్యో, ఆర్పడానికి చొక్కాకు నిప్పంటుకుందా ఏమిటి? పుట్ ఆన్! హి పుట్ ఆన్ షర్ట్. హి వెరీ హ్యాపీ."

గడుగ్గాయి అమ్మ యూనిఫాం కోటు వైపు చూసింది. మూడో బొత్తాం ఉండాల్సిన చోట పిన్నీసు ఉంది. రోజూ ఎదురుగా కనబడుతున్నా అదెందుకని తనెప్పుడూ అడగలేదు.

"భలే కథమ్మా," అంది.

"తప్పులెన్ని?"

"లెక్కపెట్టలేదు."

అమ్మ బ్యాగు పక్కన పెట్టి ఎదురుగా కూర్చుంది. "అయితే ఇప్పుడు చెప్పు, ఎక్కడెక్కడ దిద్దుకోవాలో. రేపు మేనేజర్ గారి దగ్గరికి వెళ్ళాలి కదా."

దిద్దుకోవడంలో ఆలస్యమై, ఆ రోజు అమ్మ డ్యూటీకి పరుగున వెళ్ళాల్సి వచ్చింది.

మూడో రోజు గడుగ్గాయి బడి నుంచి వచ్చేసరికి అమ్మ ఇంట్లోనే, కుర్చీలో కూర్చుని ఉంది. ముఖం చూస్తే ఏమీ తెలియడం లేదు.

"వచ్చిందా అమ్మా? పని వచ్చిందా?"

"సిట్ డౌన్," అంది అమ్మ దర్జాగా. "ఐ విల్ టెల్."

మొదలుపెట్టింది, లిఫ్ట్ దగ్గర్నుంచి! లిఫ్ట్ ఎలా ఆగిందో, మేనేజర్ టేబుల్ ఎంత పెద్దదో, ఆయన పెన్ను కింద పడితే తను ఎలా తీసి ఇచ్చిందో, అంతా ఇంగ్లీషులో, ఒక్కో మాటా వెతుక్కుంటూ. వచ్చిందా లేదా, ఆ ఒక్క ముక్క చెప్పొచ్చు కదా! గడుగ్గాయి అడగబోయి, పెదవి కొరుక్కుని ఆగింది. చొక్కా కథ మొత్తం మళ్ళీ విన్నది.

"దెన్ మేనేజర్ లాఫ్. హి సే, ఫ్రమ్ మండే, యూ కమ్ టు కౌంటర్."

గడుగ్గాయి కేక పెట్టబోయింది. కానీ అమ్మ చెయ్యి పైకెత్తింది. ఇంకా అయిపోలేదు.

"సో, ఎవ్రీ ఈవినింగ్, ఐ కమ్ బ్యాక్... ఐ కమ్ బ్యాక్..."

అమ్మకు మాట దొరకలేదు. కళ్ళు మూసుకుని వెతుక్కుంటోంది. ఆ మాట ఏమై ఉంటుందో గడుగ్గాయికి తెలుసు. నాలుక చివర ఆడుతోంది. అందించలేదు. అమ్మ ముఖం వైపు చూస్తూ కూర్చుంది.

"...ఫర్ డిన్నర్," అంది అమ్మ కళ్ళు తెరిచి. "విత్ యూ."

అప్పుడు గడుగ్గాయి ఒక్క ఉదుటున కుర్చీ దిగి వెళ్ళి అమ్మ మెడ చుట్టూ చేతులు వేసింది.