దిబ్బరొట్టె లెక్క

మహాలక్ష్మమ్మగారికి కోడలి మీద ఉన్న ఫిర్యాదు ఒక్కటే: ఏ పనిలోనూ వంక దొరకనివ్వదు. ఒక అత్తగారికి ఇంతకంటే అన్యాయం ఏముంటుంది? అయితే ఆ ఎండాకాలం వంక దానంతటదే గుమ్మంలోకి వచ్చింది. భోజనాలు కాగానే హారతి కూతురు సాయిదుర్గని వెంటబెట్టుకుని, మండపేటలో కొత్తగా పెట్టిన నెట్ సెంటర్‌కి వెళ్లడం మొదలుపెట్టింది. ఎందుకని అడిగితే "ఊరికేనండి అత్తయ్యగారూ" అంటుంది.

ఆ పొద్దున మూకుట్లోంచి తీసిన దిబ్బరొట్టెని కోడలు డబ్బాలో పెడుతుండగా అత్తగారి కంటపడింది.

"అదెవరికమ్మా?"

"సెంటర్‌కి తీసుకెళ్తానండి."

"కంప్యూటర్ కూడా రొట్టె తింటుందా?"

హారతి నవ్వి ఊరుకుంది. ఆ నవ్వే కొంప ముంచింది.

మహాలక్ష్మమ్మగారు అరుగు మీదికెళ్లి భర్త చెవిలో ఊదారు. "అక్కడన్నీ తెరలు కట్టిన గదులటండీ, పక్కింటి లోవమ్మ చెప్పింది. ముక్కూ మొహం తెలియని వాళ్లతో కబుర్లాడతారట. పైగా టిఫిను కూడాను! పిల్లని అడ్డం పెట్టుకుని ఏం చేస్తోందో!"

జగన్నాథరావుగారు రిటైరైన లెక్కల మాస్టారు. ఊళ్లో సగంమంది ఆయన తొడపాశం రుచి చూసినవాళ్లే. అలాంటాయన సొంత మనవరాలు ఆరో తరగతి లెక్కల్లో తప్పింది. బడి తెరవగానే మళ్లీ పరీక్ష. అందులోనూ తప్పితే రాజమండ్రి హాస్టల్లో వేసేయడమేనని ఆయన తీర్పు చెప్పేశారు. "మొద్దు బుర్ర. నా దగ్గరే రాని లెక్కలు ఇంకెక్కడొస్తాయి?" అప్పటినుంచి ఆయన చెప్పుల చప్పుడు వింటేనే సాయిదుర్గ మంచం కిందికి దూరుతోంది.

మధ్యాహ్నం హారతి గొడుగు అందుకోగానే మాస్టారు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు.

"ఎవరికమ్మా ఆ డబ్బా? చెప్పి కదులు. లేకపోతే మిల్లు నుంచి మీ ఆయన్ని పిలిపిస్తా."

హారతి మొహం పాలిపోయింది. "మీరనుకునేది కాదండి, మామయ్యగారూ..."

"మరైతే ఏంటో చెప్పు!"

అమ్మ కళ్లలో నీళ్లు చూసి సాయిదుర్గే డబ్బా లాక్కుని అరుగు మీద పెట్టి మూత తీసింది.

"ఇది నాకే తాతయ్యా. కంప్యూటర్లో లెక్కలు చెప్తారు. పిజ్జా అని గుండ్రంగా ఒక బొమ్మ పెట్టి, ముక్కలు కోసి చూపిస్తారు. అమ్మ ఆ ఇంగ్లీషు చదివి నాకు చెప్తుంది. మనింట్లో పిజ్జా లేదుగా, అందుకే దిబ్బరొట్టె."

"ఆటలా!" మాస్టారి కనుబొమలు ముడిపడ్డాయి. "సగమూ మూడోవంతూ కలిపితే ఎంత?"

ఆ ప్రశ్నకి ఎప్పుడూ 'రెండు బై ఐదు' అని తొడపాశం తినడం ఆ పిల్లకి అలవాటే. ఈసారి డబ్బాలో ఉన్న చాకు తీసుకుని, రొట్టెని ఆరు సమాన ముక్కలు చేసింది.

"సగమంటే మూడు ముక్కలు, మీకు. మూడోవంతంటే రెండు, అమ్మకి. మొత్తం ఐదు బై ఆరు. మిగిలింది నానమ్మకి." చాకు కింద పెట్టి మెల్లగా అంది, "రెండు బై ఐదంటే సగంకన్నా తక్కువ కదా తాతయ్యా. కలిపితే తగ్గదని నాకప్పుడు ఎవరూ చూపించలేదు."

మహాలక్ష్మమ్మగారు తన వంతు ముక్కకేసి చూస్తూ గొణిగారు. "ఈ మాత్రానికి దాచడమెందుకే?"

"మాస్టారి మనవరాలికి ఇంకొకరు లెక్కలు చెప్తున్నారని తెలిస్తే, ఊళ్లో మామయ్యగారి పరువేమవుతుందండి?" అంది హారతి.

ఇన్నేళ్లూ అందరి తప్పులూ దిద్దిన మాస్టారు మనవరాలి వైపు చెయ్యి చాచారు. అలవాటుగా ఆ పిల్ల రెండు చేతులతో తొడ కప్పుకుంది. అది చూసి ఆయన కళ్లు చెమర్చాయి.

"హాస్టలూ లేదు, ఏమీ లేదు. నీది మొద్దు బుర్ర కాదే బంగారం. నీకు చెప్పడం నాకే రాలేదు." కోడలి వైపు తిరిగారు. "నిన్ను అనుమానించడం కూడా... తప్పు నాదమ్మా."