హేషమ్‌ని పిలిచే తలుపు

దొక్కీ పేటలో మా వీధి చివరి మేడ… దాని నాలుగో అంతస్తుకి చీకటిపడ్డాక ఎవరూ వెళ్లరు. అక్కడి తలుపు చచ్చిపోయినవాణ్ణి పేరుపెట్టి పిలుస్తుంది— పిలిచి, తనంతట తాను తెరుచుకుంటుంది.

నేను కళ్లతో చూసింది కాదిది. నా దగ్గర లెక్కలు చదువుకున్న నెర్మీన్ చెప్పింది. విన్నది విన్నట్టే రాస్తున్నాను.

ముందు తలుపు సంగతి చెప్పాలి, లేకపోతే మిగతాది అర్థం కాదు. నెర్మీన్ అన్నయ్య హేషమ్, అతని స్నేహితుడు వాయెల్ కలిసి ఒక స్టార్టప్ పెట్టారు. వాళ్లు తయారుచేసింది తాళంచెవి అక్కర్లేని తలుపు. దాని కెమెరా మనిషి ముఖాన్ని గుర్తుపడుతుంది, పేరుతో స్వాగతం చెప్పి తెరుచుకుంటుంది, ఎవరొచ్చారో గుర్తుంచుకుంటుంది. మొదటి తలుపు తమ ఆఫీసుకే బిగించుకున్నారు.

ఒక రాత్రి హేషమ్ ఆ ఆఫీసు బాల్కనీలోంచి పడి చనిపోయాడు. ఆ రాత్రి తలుపు అతని ముఖానికి తప్ప మరెవరి ముఖానికీ తెరుచుకోలేదు. అంటే లోపల ఉన్నది ఒక్కడే. కాబట్టి తనే దూకాడని పోలీసులు తేల్చేశారు. ఆ మాట విన్న దగ్గర్నుంచి వాళ్లమ్మ నోరు విప్పలేదు.

చనిపోయిన నలభయ్యో రోజు ప్రార్థనలు అయ్యాక ఇది మొదలైంది. పగలు మనుషులుంటారు కనుక తలుపు తెరిచే ఉంటుంది. రాత్రి కాపలా రగబ్ లిఫ్టులో పైకి వెళ్లేసరికి… "స్వాగతం, హేషమ్."

"నాకు జీతమిచ్చేది దొంగల్ని కాయమని, ఆత్మల్ని కాదు," అని రగబ్ గస్తీ మానేశాడు.

మర్నాడు పొద్దున పెట్టుబడి పెట్టేవాళ్లు వచ్చి సంతకాలు చేస్తారనగా, నెర్మీన్ పైకి వెళ్తానంది.

"నిజంగా అన్నయ్యే వస్తుంటే ఒక్కటి అడగాలి బాబాయ్. నాకొక్క మాటైనా చెప్పకుండా ఎందుకు దూకాడని."

"అడిగితే చెబుతాడా తల్లీ? బతికుండగా టీ కావాలా అంటేనే చల్లారాక పలికేవాడు."

అలా అన్నాడే కానీ రగబ్ తోడు వెళ్లాడు.

లిఫ్టు ఆగింది. నడవాలో చీకటి. లిఫ్టులోని వెలుతురు ఒక్కటే బయటికి పరుచుకుంది…

"స్వాగతం, హేషమ్."

తలుపు పక్కకి జరిగింది. లోపల ఎవరూ లేరు.

"అన్నయ్యా…"

నెర్మీన్ వెనక్కి తిరిగింది— ఎదుటి గోడమీద అన్నయ్య నవ్వుతున్నాడు. నలభయ్యో రోజున మూలకి నల్లరిబ్బను కట్టి తను తగిలించిన ఫోటో. లిఫ్టు వెలుతురు సరిగ్గా దానిమీదే పడుతోంది. కెమెరా సరిగ్గా దాన్నే చూస్తోంది.

ఫోటోకి చెయ్యి అడ్డం పెట్టింది. తలుపు మూసుకుంది. చెయ్యి తీసింది.

"స్వాగతం, హేషమ్."

"ఓసినీ! ఇన్నాళ్లూ నాచేత ప్రార్థనలు చేయించింది ఈ ఫోటోనా!" రగబ్ పగలబడి నవ్వి, ధైర్యంగా ఆఫీసులోకి నడిచాడు. నెర్మీన్ కూడా నవ్వింది.

నవ్వు మధ్యలో ఆగిపోయింది.

ఈ తలుపుకి మనిషికీ బొమ్మకీ తేడా తెలియదు. అయితే… ఆ రాత్రి…

లిఫ్టు కిందికి దిగింది. మళ్లీ పైకొచ్చింది. అందులోంచి వాయెల్ బయటికొచ్చాడు. ఫోటో అంచు మీదున్న ఆమె చేతిని చూశాడు.

"వాయెల్, ఆ రాత్రి తలుపుకి అన్నయ్యది ఏ ఫోటో చూపించావు?"

ఏం ఫోటో అని అతను అడగలేదు.

"పొద్దున సంతకాలయ్యేదాకా ఆగు, నెర్మీన్," అన్నాడు మెల్లగా. "నీకు రావాల్సింది నీకిస్తాను."

"నేనూ విన్నాను, వాయెల్ బేగారూ," అంది లోపలి చీకట్లోంచి రగబ్ గొంతు.

"భయం వేయలేదు టీచర్. కోపమూ రాలేదు," అంది నెర్మీన్ నాతో. అలాగే నిలబడి ఇంటికి ఫోన్ చేసిందట.

"అమ్మా… ఆఫీసు దగ్గర్నుంచే చేస్తున్నా. అన్నయ్య దూకలేదు."

అన్నాళ్లకి మొదటిసారి, వాళ్లమ్మ మాట్లాడింది—

"అయితే నువ్వక్కడెందుకున్నావే? ఇంటికి రా."