లోటు లేని ఇల్లు

కుళాయి ధార సన్నబడేలోగా బకెట్లన్నీ నింపేసుకోవాలి. లేకపోతే ఆ రోజంతా ఇంటిల్లిపాదీ చెంబుడు నీళ్లకి వాటాలేసుకోవాలి. అందుకని ఆ ఇల్లాలు ఒక బకెట్టు నిండుతుండగానే రెండోది జరుపుతూ, మధ్యలో పొయ్యి మీది పాల మీద ఓ కన్నేసి ఉంచుతూ హడావిడి పడుతోంది. పై వాటాలో ఉండే టీచరమ్మ మెట్ల మీంచి తొంగి చూసి, "నీళ్లు సరిపోయాయా? మా పైపు కిందికి వదలనా?" అని అడిగింది.

"అబ్బే, మాకేం లోటండీ! సరిపోయాయి," అంది ఆమె, పక్కన ఇంకా సగం బకెట్లు ఖాళీగా ఉండగానే.

ఆమె వరస అది. వీధివాళ్లు ఆమెకి లోటులేనమ్మ అని పేరు పెట్టేశారు. ఎదురుగా అనరు, చాటున అంటారు. అందులో వెటకారం ఎంతుందో ముచ్చటా అంతే ఉంది. చెప్పు తెగిపోతే "వట్టి కాళ్లతో నడిస్తే ఒంటికి మంచిదట" అంటుంది. పళ్ల బండి ఇంటి ముందు ఆగితే "మా ఇంట్లో పళ్లెవరికీ పడవు" అంటుంది. ఒకళ్లని అడగడం మాట అటుంచి, తనని అడిగినవాళ్లకి లేదని చెప్పడానికి కూడా ఆ నోరు తిరగదు.

భర్త సోఫాలు బాగుచేసే మేస్త్రి. ముందు గదిలో సగం ఆయన సరంజామాకే సరి. స్పాంజీ ముక్కలు, తెగిన స్ప్రింగులు, రెక్సిన్ చుట్టలు, అడుగు తీసి అడుగేస్తే గుచ్చుకునే మేకులు. ఆ మేకుల మధ్యే కూర్చుని చదువుకున్న ఒక్కగానొక్క కూతురికి చిన్నప్పట్నుంచీ రాళ్ల పిచ్చి. భూమి లోపలి పొరల గురించి చదువుతానని పట్టుబట్టి, యూనివర్సిటీలో సీటు తెచ్చుకుంది. కానీ ఇల్లలకగానే పండగ కాదు కదా. ఫీజు ఎలా? బ్యాంకుకి వెళ్తే హామీకి ఆస్తి చూపించమన్నారు. ఆస్తే ఉంటే అప్పెందుకని వాళ్లకెవరు చెప్పాలి? ఇక మిగిలింది ఒకటే దారి, లేనింటి పిల్లలకి యూనివర్సిటీ ఇచ్చే సహాయనిధి. దానికోసం పెట్టుకున్న దరఖాస్తు మీదే ఆ ఇంటి ప్రాణాలన్నీ ఉన్నాయి.

ముందు గదిలో ఫోను మోగింది. కూతురు "హలో" అన్న గొంతులో ఉత్సాహం వంటింటిదాకా వినిపించింది. కాసేపటికి అదే గొంతు, "ఎందుకండీ? కారణమేంటి?" అంది. ఆ తర్వాత, "అలాగని మీకెవరు చెప్పారండీ?" అంది. ఆపైన ఏమీ వినిపించలేదు. తల్లి కుళాయి కట్టేసి నిలబడింది. 

కూతురు వంటింటి గుమ్మంలోకి వచ్చింది. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"అమ్మా, మొన్న నేను సర్టిఫికెట్ల కోసం స్కూలుకెళ్లినప్పుడు, ఇల్లు చూడ్డానికి యూనివర్సిటీ నుంచి ఒకాయన వచ్చాడన్నావే. ఏమడిగాడు?"

"ఏముందే, చాలా మర్యాదస్తుడు. కాఫీ ఇస్తే వద్దనకుండా తాగాడు."

"ఎక్కడ కూర్చోబెట్టావు?"

"గుమ్మంలో నిలబెడతానా? సోఫాలోనే."

"మనకి సోఫా ఎక్కడుంది?"

తల్లి గరిటె తీసుకుని అక్కర్లేకపోయినా పాలు కలపడం మొదలుపెట్టింది. ముందు గదిలో మేస్త్రి తల ఎత్తలేదు. ఆయన నోట్లో మేకులున్నాయి. మాట్లాడకుండా ఉండటానికి అంతకంటే మంచి సాకు ఇంకొకటి లేదు.

"నిన్నే అమ్మా!"

"నగల కొట్టాయన సోఫా బాగుచేయడం ఆ రోజుకే అయింది కదే. సాయంత్రం పట్టుకెళ్తామన్నారు. పొద్దున్న ఖాళీగానే ఉంది కదాని మీ నాన్న చేత గది మధ్యకి జరిపించాను. చెత్తంతా పెరట్లోకి తోసి టార్పాలిన్ కప్పాం. టీచరమ్మ మన హడావిడి చూసి తనంతట తనే పింగాణీ కప్పులు ఇచ్చింది, తివాచీ కూడా ఇచ్చింది. గోడ బోసిగా ఉందని గడియారం ఇచ్చింది. గది ఎంత కళగా ఉందనుకున్నావు!"

కూతురు గుమ్మానికి ఆనుకుంది. "ఎందుకమ్మా?"

"ఎందుకేంటే? చదువు చెప్పేముందు పిల్ల ఎలాంటి ఇంట్లోంచి వస్తోందో చూసుకోరూ? దుమ్ము కొంపలోంచి వచ్చిన పిల్లని ఎవరు చేర్చుకుంటారు?"

"డబ్బులేని ఇల్లో కాదో చూడ్డానికొచ్చాడమ్మా ఆయన!" కూతురు గొంతు చిరిగినట్టయింది. "నాన్నా, సంపాదన ఎంతని నిన్నడిగాడా?"

మేస్త్రి మేకులు అరచేతిలోకి ఉమ్ముకున్నాడు. "అడిగాడమ్మా. పని ఉన్న నెలలో ఎంతొస్తుందో చెప్పాను."

"పని లేని నెలల సంగతి?"

"అది అడగలేదు."

"అడగకపోతే చెప్పకూడదా?"

"మీ అమ్మ పక్కనే నిలబడి, దేవుడి దయవల్ల మాకే లోటూ లేదండీ అంటూంటే, నేనింకేం చెప్పను?"

కూతురు నవ్వింది. ఏడుపు కంటే ఘోరంగా ఉంది ఆ నవ్వు. "మీకంటే లేనివాళ్లు చాలామంది ఉన్నారమ్మా అన్నారు సహాయనిధివాళ్లు ఫోన్లో. వాళ్ల తప్పేముంది? పైన పటారం చూపించి పంపాం. చూసింది రాసుకున్నారు. నీ పరువు నిలబడింది, నా చదువు మునిగింది. తృప్తిగా ఉందా?"

"నోటికొచ్చినట్టు మాట్లాడకు. నీ మంచికోసమే చేశాను."

"నా మంచికోసం కాదు, నీ నామోషీ కోసం. మనకి లేదంటే నీకంత సిగ్గయితే, ఈ లేనింట్లో పుట్టిన నేనూ నీకు సిగ్గేనా?"

"నోర్ముయ్!" తల్లి గరిటె పొయ్యి గట్టు మీద విసిరికొట్టింది. పాలు చింది గోడకి పడ్డాయి. "పదిమంది ముందు చేయి చాచిన బతుకెలా ఉంటుందో నీకేం తెలుసు? నాకు తెలుసు!"

"ఏం తెలుసు? ఎప్పుడైనా చెప్పావా?"

తల్లి గుడ్డ తీసుకుని గోడ మీది పాలు తుడవడం మొదలుపెట్టింది.

కూతురు చున్నీతో ముఖం తుడుచుకుంది. "రేపటిదాకా టైముంది. పెద్దవాళ్లు స్వయంగా వచ్చి చెప్పుకోవాలట. లేకపోతే సీటు ఇంకొకరికి వెళ్లిపోతుంది."

"నేనొస్తాలే," అన్నాడు మేస్త్రి.

"నువ్వు అడిగినదానికే జవాబు చెబుతావు నాన్నా. లోటు లేదన్నది అమ్మ. ఉందని అమ్మే చెప్పాలి." కూతురు తల్లి వైపు తిరిగింది. "రాలేనంటే చెప్పు. టైల్స్ షాపులో అమ్మాయిలు కావాలని బోర్డు పెట్టారు, చేరిపోతాను. రాళ్లేగా, అక్కడా ఉంటాయి."

ఆ మాట తల్లికి చెంపదెబ్బలా తగిలింది.  మధ్యాహ్నం ఎప్పట్లాగే చేతిసంచీ పట్టుకుని, "కుట్టు నేర్పడానికెళ్తున్నా" అని గాలికి చెప్పి బయల్దేరింది. నిజానికి ఆమె వెళ్లేది ఏ కుట్టు క్లాసుకీ కాదు. వీధి చివర ఎడమకి తిరిగితే కుట్టు క్లాసు. ఆమె కుడికి తిరిగి, పెద్దాసుపత్రి వెనక లాండ్రీలోకి వెళ్తుంది. ఆవిర్లు కక్కే యంత్రాల్లోంచి వచ్చిన దుప్పట్లని సాయంత్రందాకా మడతలు పెడుతుంది. ఆ సంగతి భర్తకి తప్ప ఇంకెవరికీ తెలియదు. ఆ రోజు మడతలు పెడుతున్నంతసేపూ ఆమెకి కూతురి మీద కోపం రగులుతూనే ఉంది. కోపం కింద భయం ఉంది. మాకు లేదన్న మాట నిజంగా అనాల్సి వస్తే, పరాయి మనిషి ముందు అనాల్సి వస్తే, తను అనగలదా?

మర్నాడు బస్సులో తల్లీకూతుళ్లు పక్కపక్కనే కూర్చున్నా ఒకరికొకరు కిటికీకీ తలుపుకీ ఉన్నంత దూరంలో ఉన్నారు. సహాయనిధి ఆఫీసు బయట వరండాలో ప్లాస్టిక్ కుర్చీల నిండా జనం ఉన్నారు. ఒక తండ్రి తన కొడుక్కి ఏమేం చెప్పాలో గుసగుసగా వల్లె వేయిస్తున్నాడు. ఒకావిడ ఏడవడానికి సిద్ధంగా కొంగు చేత్తో పట్టుకుని కూర్చుంది. వాళ్లని చూస్తే లోటులేనమ్మకి కంపరమెత్తింది. తనూ అదే వరసలో కూర్చున్నానని గుర్తొచ్చి తల దించుకుంది.

లోపల ఆఫీసరు కళ్లజోడు నెత్తి మీదికి నెట్టుకుని ఫైలు తిరగేసింది. ఆవిడ ముఖంలో విసుగు లేదు, అలసట ఉంది. "చెప్పండమ్మా. మా మనిషి వచ్చి చూశాడు, ఇల్లు బాగుందని రాశాడు. మీరేమంటారు?"

"అదేనండీ, అంతా బాగానే..."

మాట తనంతట తనే వచ్చేసింది. ఇన్నేళ్ల అలవాటు, మనిషి కంటే ముందు పరిగెత్తింది. పక్కన కూతురు కళ్లు మూసుకుంది.

"బాగుంటే మంచిదేగా. మరెందుకొచ్చినట్టు?" అంటూ ఆఫీసరు ఫైలు మూసి, పక్కనున్న కట్ట మీద పెట్టింది. బయట ఇంకొకరిని పిలవడానికి గంట మీద చెయ్యి వేసింది.

తల్లి ఆ చెయ్యి వైపు చూసింది. ఆ గంట మోగితే పిల్ల టైల్స్ షాపులో నిలబడుతుంది. జీవితమంతా.

"ఆగండమ్మా," అంది. "ఆ సోఫా మాది కాదు."

"ఏంటి?"

"సోఫా మాది కాదండీ. బాగుచేయడానికొచ్చింది. కప్పులు, తివాచీ, గడియారం పై వాటావాళ్లవి. గొప్పకోసం పెట్టాను."

ఆఫీసరు చెయ్యి గంట మీంచి వెనక్కి వచ్చింది. నవ్వొచ్చిందేమో, పెదవి కొరుక్కుంది. "మరి మీదేముందమ్మా ఆ ఇంట్లో?"

ఆ ప్రశ్న ఆమెనెవరూ ఎప్పుడూ అడగలేదు. 

"ఏమీ లేదండీ," అంది.  "మా ఆయన వేలికి మేకు దిగి నరం దెబ్బతింది. పెద్ద పనులు పట్టలేడు. ఒక నెల పనుంటే రెండు నెలలుండదు. అద్దె నేను కడతాను. ఆస్పత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెడతాను. పిల్లకి మాత్రం కుట్టు నేర్పుతున్నానని చెప్పాను."

కూతురు గభాలున తల తిప్పి చూసింది.

"రాత్రిపూట అన్నం పడదని చెప్పి తిననండీ. పడకపోవడం కాదు. ముగ్గురికి సరిపోదు."

"అమ్మా, చాలు!" కూతురు ఆమె మోచెయ్యి పట్టుకుంది. "ఇంక చెప్పకు."

"ఉండవే. చెప్పమన్నావుగా, చెప్పనీ." తల్లి ఆ చేతిని విడిపించుకోలేదు. ఆఫీసరు కళ్లలోకే చూస్తూ చెప్పింది. "మాకు లేదండీ. పిల్లని చదివించుకునే శక్తి మాకు లేదు."

ఆఫీసరు కళ్లజోడు కళ్ల మీదికి దించుకుంది. తర్వాత, "అడగందే అమ్మైనా పెట్టదంటారు. మీరు అడక్కపోగా, కడుపు నిండిందని చెప్పి మా మనిషిని పంపేశారు. ఎందుకమ్మా?" అంది.

"చిన్నప్పుడు మా అమ్మ పోతే మేనత్త ఇంట్లో పెరిగానండీ. వచ్చిన ప్రతి చుట్టానికీ నన్ను చూపించి, దీన్ని మేమే పోషిస్తున్నాం అనేది. నోట్లో ముద్ద ఉండగా అనేది. ఆ ముద్ద మింగలేక, ఉమ్మలేక..." ఆమె ఆగింది. "నా పిల్లని చూసి ఎవరూ అలా అనకూడదనుకున్నాను. అంతేనండీ."

"ఇక్కడెవరూ ఎవర్నీ పోషించరమ్మా. ఆ మార్కులు మీ అమ్మాయి తెచ్చుకుంది." ఆఫీసరు ఫైలు మళ్లీ తన ముందుకి లాక్కుంది. "మళ్లీ విచారణకి పంపిస్తాను. అది తేలేదాకా సీటు ఎవరికీ ఇవ్వొద్దని ఇవాళే రాస్తాను. తప్పకుండా వస్తుందని నేను మాటివ్వలేను. కానీ ఈసారి మాత్రం..."

"ఉన్నది ఉన్నట్టే చూపిస్తానండీ," అంది తల్లి.

బయటికొచ్చి, గేటు పక్కన అరుగు మీద కూర్చున్నారు. కూతురు మోకాళ్లలో తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడుస్తోంది. తల్లి ఆమె వీపు నిమిరింది.

"పిచ్చిదానా, సీటు ఆపుతామన్నారుగా. ఇంకా ఏడుపెందుకే?"

"నేనే కదా అక్కడ నీ చేత అన్నీ చెప్పించాను." కూతురు తలెత్తింది. "రోజూ నా ఎదురుగా కూర్చుని ఇంకొంచెం వేసుకోవే అని వడ్డించేదానివి. నేను వేసుకునేదాన్ని. అది నీ అన్నమని నాకు తెలీదమ్మా."

"అబ్బే, అదేం లేదే. ఏదో ఆవిడకి నమ్మకం కలగాలని కాస్త..."

"అమ్మా!" కూతురు ఆమె రెండు చేతులూ పట్టుకుంది. లాండ్రీ ఆవిర్లకి ఉడికి తోలు లేచిన వేళ్లని అప్పుడే మొదటిసారి చూసినట్టు చూసింది. "ఊళ్లోవాళ్ల దగ్గర దాచావు, సరే. నా దగ్గరెందుకు దాచావు? నేను కూడా నీకు బయటిదాన్నేనా?"

  పిల్లకి ఏ లోటూ తెలియకుండా పెంచానని తల్లి ఇన్నాళ్లూ మురిసిపోయింది. తనెవరో కూడా తెలియకుండా పెంచేశానని ఇప్పుడు అర్థమైంది. 

"పొద్దున్న ఏమైనా తిన్నావా?" అని అడిగింది కూతురు.

తినేసే బయల్దేరానని చెప్పబోయింది. కూతురు కళ్లు తన ముఖం మీదే ఉన్నాయి.

"లేదే," అంది. "ఆకలేస్తోంది. చాలా ఆకలేస్తోందే."

ఆ మాట అనేసి, రోడ్డు పక్కన కూతురి భుజం మీద తల పెట్టి, చిన్నపిల్లలా భోరుమంది.