ఖాళీ కాని ఇల్లు

"ఆ స్క్రూలు అంత గట్టిగా బిగించకండి. మళ్ళీ ఊడదీయాల్సింది నేనే."

స్క్రూడ్రైవర్ పట్టుకున్న మనిషి వెనక్కి తిరిగాడు. తలుపు మీద 'బర్నార్డ్ హేగ్, మేనేజర్' అన్న కొత్త పలక ఇంకా వంకరగానే ఉంది.

"మీరెవరు?"

"నెల్ ఆష్‌వర్త్. క్లబ్బుకి వచ్చేవాళ్ళకి ఇళ్ళు వెతికి పెడతాను. పోయేవాళ్ళ దగ్గర తాళాలు తీసుకుంటాను."

"ఏ పని ఎక్కువ?"

"రెండోదే."

అతను నవ్వలేదు. ఆమె వంకే చూస్తూ ఇంకో చుట్టు బిగించాడు. "నేను రోరీ టలక్. హేగ్ గారి అసిస్టెంట్ కోచ్‌ని. మేం ఉండటానికొచ్చాం."

హాల్డన్ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్బుకి అందరూ ఉండటానికే వస్తారు. నెల్ చేరాక జట్టుని నడపడానికి వచ్చిన మేనేజర్లలో రెండో క్రిస్మస్ చూసినవాడు ఒక్కడూ లేడు. మేనేజర్‌ని పంపేస్తే అతని వెంట వచ్చినవాళ్ళంతా మూటాముల్లె సర్దుకోవాల్సిందే. అందుకే ఆమె ఒక నియమం పెట్టుకుంది: శనివారం మ్యాచ్ స్కోరు మీద బతికే మగాణ్ణి ప్రేమించకూడదు.

ఆ వేసవిలో క్లబ్బు డబ్బు నీళ్ళలా పోసింది. రోజుకో కొత్త ఆటగాడు విమానం దిగాడు. ఒకడికి ఈతకొలను కావాలి, ఒకడి కుక్కకి తోట కావాలి. నెల్ వానలో తిరిగి తిరిగి చెప్పులరగదీసింది. ఇంగ్లీషు రాని ఆటగాళ్ళతో మాట కలపడానికి ఆమెకి రోరీ తోడొచ్చేవాడు. అతనికి స్పానిష్ వచ్చు, కానీ స్కాట్లాండ్ యాసలో వచ్చు.

"మీ స్పానిష్ విని ఆ అబ్బాయి ఎందుకు బెదిరిపోయాడు?" అంది ఒకరోజు.

"ఇంట్లో వేడినీళ్ళు వస్తాయని చెప్పాను."

"మరుగుతున్న నీళ్ళలో వేస్తామని చెప్పినట్టున్నారు!"

అప్పుడు నవ్వాడు మొదటిసారి. ముఖమంతా వెలిగిపోయింది. నెల్ చప్పున కారు అద్దాల మీద వాన తుడవడం మొదలుపెట్టింది. వాన బయట పడుతోంది, ఆమె తుడుస్తున్నది లోపల.

"మా బాస్ హేగ్ గారు అడిగింది గోలుకి కాపు కాసే ఒక్క లెఫ్ట్ బ్యాక్‌ని," అన్నాడు రోరీ. "క్లబ్బువాళ్ళు కొన్నదంతా గోల్స్ కొట్టే ఫార్వర్డ్‌లనే. ఇల్లు కట్టమని ఇటుకలడిగితే కిటికీలు తెచ్చిచ్చారు."

హేగ్ గారి భార్య మొయిరా జబ్బు మనిషి. రొమ్ము క్యాన్సర్ తగ్గి, మళ్ళీ తిరగబెట్టింది. ఇదే తన ఆఖరి ఉద్యోగమనీ, ఇక ఎక్కడికీ కదలక్కర్లేదనీ ఆయన మాటిచ్చాక, వైద్యాన్ని కూడా ఈ ఊరికి మార్పించుకుని వచ్చింది. మేనేజర్ల కోసమే కొండ మీద క్లబ్బుకొక ఇల్లుంది. అందులో దిగారు. రోరీ పదహారేళ్ళప్పుడు ఫుట్‌బాల్ నేర్చుకోవడానికి వాళ్ళింట్లో అద్దెకి చేరాడు. మోకాలు విరిగి ఆట పోయినా ఆ ఇల్లు పోలేదు. పిల్లల్లేని ఆ దంపతులకి వాడే కొడుకు.

ఆదివారాలు భోజనానికి నెల్‌ని కూడా పిలిచేది మొయిరా.

"పిల్లా, మావాడు నీ గురించి మాట్లాడేటప్పుడు చెవులు ఎర్రబడుతున్నాయి. చలికంటావా?"

"మొయిరా!" అనేవాడు రోరీ.

"చూడు, చూడు. చలి పెరిగింది."

నవంబరు వచ్చేసరికి జట్టు పాయింట్ల పట్టికలో అట్టడుగుకి జారింది. స్టేడియంలో జనం ఎగతాళి కేకలు. ఆ వారమే రోరీ నెల్ చెయ్యి పట్టుకుని, "ఈ సీజన్ గడవనీ, నీకో మాట చెప్పాలి" అన్నాడు.

రెండ్రోజుల తర్వాత క్లబ్బు డైరెక్టర్ ప్రిడ్‌మోర్ నెల్‌ని పిలిచాడు.

"హేగ్‌ని తీసేస్తున్నాం. కొత్త మేనేజర్‌తో మాటైపోయింది. ఆయన భార్య రేపు ఇల్లు చూడ్డానికొస్తోంది. తీసుకెళ్ళు."

"ఆ ఇంట్లో మనుషులున్నారు సార్."

"వేడినీళ్ళ బాయిలర్ తనిఖీ అని చెప్పు. నోరు జారిందంటే నీ ఉద్యోగం ఉండదు."

మర్నాడు నెల్ ఆ గుమ్మంలో నిలబడి అబద్ధమాడింది. పక్కన కొత్త మేనేజర్ భార్య, ఒక డచ్చి ఆవిడ, సన్నగా, మంచి కోటులో. మొయిరా తలకి రుమాలు కట్టుకుని ఉంది. "ఈ వానలో వచ్చారు, పాపం," అంటూ టీ పెట్టింది. అప్పుడే చేసిన అల్లం కేకు పెద్ద పెద్ద ముక్కలు కోసింది. డచ్చి ఆవిడ మేడ మీదికి వెళ్ళి గదులు చూసి దిగింది. కేకు తిన్నది. కుర్చీ పక్కన మందుల డబ్బాలు చూసింది.

కారులో కూర్చున్నాక మెల్లగా అడిగింది. "ఆమెకి తెలుసా?"

"తెలీదు."

"ఇల్లు ఖాళీ చేశారని చెప్పారు నాకు." స్టేషన్ దగ్గర దిగేటప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

నెల్ నేరుగా మైదానానికెళ్ళి రోరీకి అంతా చెప్పేసింది. అతను వానలో కదలకుండా విన్నాడు.

"మొయిరా నిన్ను కూతురనుకుంది," అన్నాడు చివరికి.

"రోరీ, నాకు వేరే దారి..."

"ఉంది. గుమ్మం దగ్గర్నుంచి వెనక్కి తిరగడం."

అతను వెళ్ళిపోయాడు.

రోరీ వెళ్ళి చెప్పేసరికే హేగ్ గారికి తెలుసట. "నెలరోజులుగా ఎవడూ నా కళ్ళలోకి చూడట్లేదురా. మొయిరాకి మాత్రం చెప్పకు. సోమవారం ఆసుపత్రిలో ఆమెకి మందు ఎక్కించేదాకా ఆగు," అన్నారట. శనివారం ఓడిపోయి తిరిగొస్తుంటే, జట్టు బస్సులో రేడియో చెప్పింది ఆయన్ని తీసేశారని. డ్రైవర్ దాన్ని కట్టేయబోతే, "ఉండనీ, ఎందుకు తీసేశారో నాకూ తెలియాలిగా," అన్నారట హేగ్ గారు. బస్సులో ఎవరూ నవ్వలేదు. సోమవారం దాకా ఆగడమూ కుదరలేదు. మొయిరా కూడా అదే రేడియో విన్నది.

వారంలో ఇల్లు ఖాళీ చేయించమని ప్రిడ్‌మోర్ నెల్‌కి చెప్పాడు.

"నేను వెళ్ళను సార్."

"అయితే నీ తాళాలు కూడా ఇక్కడ పెట్టి పో."

పెట్టి వచ్చేసింది. కొత్త మేనేజర్ ఉండమని అడిగినా రోరీ కూడా ఉండలేదు. హేగ్ దంపతులతో ఆసుపత్రి పక్క సందులో రెండు గదుల్లోకి మారాడు. నెల్ ఫోన్ చేసింది. అతను తీయలేదు. నెల్ ఒక హోటల్లో రిసెప్షన్ పనిలో చేరింది. కొత్త మేనేజర్ వసంతం రాకముందే పోయాడు. క్లబ్బు కింది డివిజన్‌కి పడిపోయింది. కొన్న ఆటగాళ్ళని సగం ధరకి అమ్ముకున్నారు.

మే నెలలో మొయిరా నెల్‌కి కబురు పెట్టింది. ఆసుపత్రి మంచం మీద ఆమె పిడికెడైపోయింది.

"నా కేకు తిని నాతో అబద్ధమాడావు."

"అవును."

"మామూలుగా అయితే నీ మీద కనీసం రెండేళ్ళు కోపంగా ఉండేదాన్ని. నాకంత టైం లేదు. అందుకని క్షమించేస్తున్నా. దగ్గరికి రా."

నెల్ ఆ చేతిమీద తల పెట్టి ఏడ్చింది.

"చాల్లే, దుప్పటి తడుస్తోంది. కార్ పార్కులో ఒకడు గంట నుంచీ నిలబడి ఉన్నాడు. లోపలికి రమ్మంటే రాడు. వెళ్ళి చూడు. నేను పోయాక వాడూ, బర్నార్డూ రోజూ కాల్చిన రొట్టె తిని బతుకుతారు. అది నాకిష్టం లేదు."

రోరీ తుంపరలో నిలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు.

"నాకూ భయమేసేది, నీ స్థానంలో ఉంటే," అన్నాడు. "అది ఒప్పుకోడానికి ఇన్నాళ్ళు పట్టింది."

"నేను వెనక్కి తిరగాల్సింది."

"సరే. ఇద్దరం ఒప్పుకున్నాం." అతను గొంతు సవరించుకున్నాడు. "సముద్రం ఒడ్డున చిన్న క్లబ్బు. నాలుగో డివిజన్, బాగా కింది మెట్టు. నన్ను మేనేజర్‌గా రమ్మంటున్నారు. బాస్ కూడా నాతో వస్తారు. నువ్వు... చెప్తానన్న మాట ఉందిగా..."

"చెప్పు మరి."

"నువ్వంటే ప్రాణం నాకు."

ఆమె అతని తడిసిన ముఖం తుడిచింది. "ఎన్నాళ్ళుంటుంది ఆ ఉద్యోగం?"

"వరసగా మూడు మ్యాచ్‌లు ఓడేదాకా ఉంచుతారేమో."

"అయితే ఆటలు మొదలవకముందే పెళ్ళి చేసుకుందాం."

జూన్‌లో రిజిస్టర్ ఆఫీసులో చేసుకున్నారు. మొయిరా చక్రాల కుర్చీలో వచ్చి, సాక్షిగా సంతకం పెట్టింది. జులైలో పోయింది.

ఆగస్టులో మొదటి మ్యాచ్‌లో రోరీ జట్టు చిత్తుగా ఓడింది. అతను ఇంటికొచ్చి, కోటు విప్పకుండా వంటింట్లో కుర్చీలో కూలబడ్డాడు. హేగ్ గారు గోడవంక చూస్తూ కూర్చున్నారు. అంత్యక్రియల నాటి నుంచీ ఆ ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడింది లేదు.

నెల్ ముగ్గురికీ టీ పోసి ముందు పెట్టింది.

"ఓడటానికి ఇంకా రెండున్నాయి," అంది.

ముందు హేగ్ గారి భుజాలు కదిలాయి. నెల్ భయపడింది, ఏడుస్తున్నారేమోనని. కాదు. ఆయన నవ్వుతున్నారు.